సుగుణత్త చూపించిన తిరుపతి

పొద్దున తిరుపతి నుంచి ఉద్యోగానికి శ్రీ సిటీకి పోయే బస్సులో అప్పుడప్పుడు నా ముందు సీట్లో కొండ దిగి ఊరికి తిరిగిపోతున్న కుటుంబం ఒకటి కూర్చుంటుంది. తండ్రికి, తల్లికి, ఒళ్లో పసిబిడ్డకు కూడా గుండ్లు, వాటి మీద ఇంకా పూర్తిగా ఆరని గంధం. బస్సు కదలగానే కిటికీ గాలికి ఆ తడి గంధం వాసన వెనక్కి వచ్చి నా ముఖానికి తగులుతుంది. అందరికీ అది చల్లని వాసన, మొక్కు తీరిన వాసన. నేను మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాసనకు ముఖం పక్కకు తిప్పుకుంటాను. చేతిలో సంచిని ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంటాను. పక్కన కూర్చునే నా తోటి ఉద్యోగి "ఏం హేమా, బస్సు పడలేదా?" అని అడుగుతుంది. పడకపోవడం కాదు. ఆ కాసేపూ నాకు తొమ్మిదో ఏడు నడుస్తూ ఉంటుంది, అంతే.

మాది పుత్తూరు దగ్గర చిన్న పల్లె. వేరుశనగ చేలూ, మామిడి తోపులూ, ఎండాకాలమంతా ముక్కుల్లో ఎర్రమట్టీ. నా తర్వాత అమ్మకు ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు. రెండోసారి పుత్తూరుకు తీసుకుపోతున్న జీపులో అమ్మ తల నాయన ఒళ్లో ఉండింది, కాళ్లు నా ఒళ్లో ఉండినాయి. చీర కుచ్చిళ్లు తడిసి నా మోకాళ్లకు వెచ్చగా తగులుతుంటే, ఆ వెచ్చదనం ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అందుకే ఆ తర్వాత అమ్మ మళ్లీ నీళ్లోసుకున్నప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఈసారి పెద్దాసుపత్రికి దగ్గరగా ఉండాలనీ, కాన్పు దాకా మంచం దిగకూడదనీ డాక్టరమ్మ చెప్పడంతో, నాయన చేను వేరేవాళ్లకు సాగుకిచ్చి, తిరుపతిలో ఒక హోటల్లో ఇడ్లీ పిండి రుబ్బే పనికి కుదిరి, రైల్వే స్టేషన్ వెనక సందులో ఒంటిగది అద్దెకు తీసుకున్నాడు. అమ్మ మంచానికి కాళ్ల వైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. ఆ వాలు మంచం మీద అమ్మ రాత్రింబగళ్లు ఇంటి కప్పు చూస్తూ పడుకొని ఉండేది. తుమ్మొచ్చినా దగ్గొచ్చినా రెండు చేతులతో పొట్ట పట్టుకుని, అది పోయేదాకా ఊపిరి బిగబట్టేది. ఆమెతో పాటు నేనూ బిగబట్టేదాన్ని.

మాతో పాటు సుగుణత్త వచ్చింది. నాయనకు అక్క. పెళ్లైన కొత్తలోనే మామ పోతే పుట్టింటికి తిరిగొచ్చి, నాయన సంసారాన్నే తన సంసారం చేసుకుంది. మనిషి సన్నం, గొంతు పెద్దది. ఆమెకు ఉన్న ఒకే ఒక్క అతిశయం జుట్టు. మోకాళ్ల దాకా ఉండేది. వారానికోసారి కుంకుడుకాయల నురగతో తలంటుకొని, బోర్లించిన గంప కింద సాంబ్రాణి పొగ వేసి, ఆ గంప మీద జుట్టంతా పరుచుకుని వసారాలో వెల్లకిలా పడుకునేది. పల్లెలో పెళ్లికూతురికి జడ కుట్టాలంటే ముందు సుగుణమ్మ జడను చూసి పూలకు కొలత వేసుకునేవాళ్లు. ఇంకొక గుర్తు ఆమె కుడిచేతి చిటికెన వేలు. బర్రె తన్నితే విరిగింది. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాళ్ల దగ్గర కట్టించుకొచ్చి, విప్పొద్దని వాళ్లు ఎంత చెప్పినా వినకుండా, పాలు పిండాలని ముందే విప్పేసుకుంది. అది కొక్కెంలా వంకరగానే నిలిచిపోయింది.

తిరుపతి అప్పుడు నాకు ఎంత పెద్దదో ఈ రోజు చెప్పడం కష్టం. పల్లెలో ఎదురొచ్చే ప్రతి మొహానికీ ఒక పేరుండేది. ఇక్కడ సందు దాటితే చాలు, మొహాలు వరదలా వచ్చిపడేవి, ఒక్కదానికీ పేరుండేది కాదు. ఏ భాష మాట్లాడుతున్నారో తెలిసేది కాదు. దానికి తోడు అమ్మ రోజూ మంచం మీద నుంచే ఒకటే మాట చెప్పేది. "పిల్లోళ్లను ఎత్తుకపోయేవోళ్లు ఈ ఊర్లో శానామంది ఉంటారంట పాపా. పేరు పెట్టి పిలుస్తారంట, మీయమ్మ రమ్మనింది అంటారంట. ఎవురు పిలిసినా పోవద్దు." నేను తలుపు దగ్గర కూర్చుని, దారిన పోయే ప్రతి మనిషి చేతిలో సంచి ఉందా, అందులో ఒక పిల్ల పట్టేంత చోటుందా అని చూసేదాన్ని. రాత్రి పక్క తడిపేదాన్ని. పల్లెలో ఆ అలవాటు ఏనాడో పోయింది.

సుగుణత్త అది కనిపెట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, హోటల్ నుంచి వచ్చి పడుకోబోతున్న నాయనతో చెప్పింది.

"ఈ కొంపలో ఉంటే ఈ బిడ్డ బయంతోనే ఎండిపోతాది రా. నేను ఊరు సూపించుకోనొస్తా."

"నీకే తెలీదు కదక్కా ఊరు."

"తెలీదు గాబట్టే సూడాల."

"దుడ్డు యాడుండాది?"

"సూసేదానికి దుడ్డెందుకు? కాళ్లుండాయి, కండ్లుండాయి."

అలా మొదలైంది. ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే అమ్మకు గంజి కాచి పక్కన పెట్టి, ఇంటి యజమాని భార్యను ఒక కన్నేసి ఉంచమని చెప్పి, మిగిలిన అన్నంలో చింతపండు పులుసు కలిపి గిన్నెలో సర్దుకుని, అత్త నా చెయ్యి పట్టుకుని సందు దాటేది. చిల్లర లేని రోజు రైల్వే స్టేషనే మా షికారు. వంతెన మీద నిలబడితే ఇటు రేణిగుంట వైపు నుంచి వచ్చే బండ్లూ, అటు చిత్తూరు వైపు పోయే బండ్లూ కనపడేవి. కింద ప్లాట్‌ఫారం నిండా మూటలు తలకింద పెట్టుకుని నిద్రపోతున్న జనం, పూరీల నూనె వాసన, పసుపు బట్టల్లో అరవ దేశం నుంచి వచ్చిన గుంపులు. చిల్లర ఉన్న రోజు టౌన్ బస్సెక్కి చివరి స్టాపు దాకా పోయి, దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చేవాళ్లం. అత్తకు చదువు రాదు గనక బోర్డులు నేను చదవాలి. తప్పు చదివితే ఎక్కడికి పోతామో అని ఒక్కో బోర్డునూ రెండుసార్లు చదివేదాన్ని. సాయంత్రాల్లో గోవిందరాజస్వామి గుడి ముందు గాజుల అంగళ్ల వీధిలో ప్రతి అంగడి దగ్గరా ఆగి, ఏదీ కొనకుండా, అన్నింటినీ మెచ్చుకుంటూ అత్త నడిచేది. గుళ్లో దొన్నెలో పెట్టే వేడి పొంగలి నాకిచ్చి, దొన్నెకు అంటిన నెయ్యి తను వేలితో తీసుకునేది. ఒకసారి చంద్రగిరి కోటకు పోయాం. నీడలో చింతచెట్ల గాలి, కోట వెనక కొండ. లోపలి చీకటి గదిలో గబ్బిలాల కంపు వచ్చేసరికి నేను గుమ్మం దాటనన్నాను. అత్త తను ఒక్కతే లోపలికి పోయి, చీకట్లోంచి పెద్ద గొంతుతో "ఏమీ లేదు పాపా, గోడలే ఉండాయి" అని చెప్పింది. ఆ మాట రాజుల కోటంతా మోగింది.

అయితే ఎక్కడికి పోయినా రెండు భయాలు నాతో వచ్చేవి. మేం తిరిగొచ్చేసరికి అమ్మ మంచం ఖాళీగా ఉంటుందేమోనన్నది ఒకటి. ఈ చెయ్యి జారితే నేను ఎవరినన్నది రెండోది. మేం వచ్చిన కొత్తలోనే గంగమ్మ జాతర జరిగింది. వేపమండల వాసన, వీధి వీధికీ పెద్ద గంగాళాల్లో రాగి అంబలి, పక్కన నంజుకోవడానికి ఉల్లిపాయలు, ఎవరికైనా కడుపునిండా ఊరికే పోసేవాళ్లు. వేషాలేసుకున్న మగవాళ్లు డప్పులకు చిందులు తొక్కుతూ పోతుంటే, ఒళ్లంతా బొగ్గు పూసుకున్న ఒకడు నా మొహంలో మొహం పెట్టి "హేమా" అన్నాడు. నేను అరిచిన అరుపుకు అత్త చేతిలోని అంబలి ఒలికిపోయింది. వాడు మా ఇంటి యజమాని కొడుకు, రోజూ నన్ను పలకరించే మనిషి. తెలిసినవాళ్లు కూడా కళ్లముందే తెలియకుండా పోగలరని నాకు ఆ రోజు అర్థమైంది.

వానలు మొదలయ్యాయి. కపిలతీర్థంలో నీళ్లు దూకడం చూసొచ్చిన వారం అమ్మకు నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో రెండు రోజులుంచి పంపించారు. నాయన, అత్త తలుపు బయట గుసగుసగా మాట్లాడుకోవడం విన్నాను. "బిడ్డ సంగతి దేవుడెరుగు, తల్లినైనా నిలబెట్టుకోవాల" అంటున్నాడు నాయన. ఆ తర్వాతి ఆదివారం అత్త, "కొండకు పోదాం పా. నడిస్తే బస్సు కర్సు కూడా లేదు. అన్నం ఆడనే పెడతారు" అంది. పోయేముందు మంచం దగ్గర వంగి అమ్మతో, "మూడు కత్తెర్లు ఇచ్చొస్తా సరోజా" అని చెప్పింది. ఆడవాళ్లు తలనీలాలన్నీ ఇవ్వలేకపోతే మూడుచోట్ల కొసలు కత్తిరించి ఇస్తారు. దాన్నే మూడు కత్తెర్లు అంటారు. అమ్మ ఆ నల్లని జడను ఒకసారి చేత్తో నిమిరి "ఊఁ" అంది.

అలిపిరి దగ్గర చీకటి విడీవిడకముందే ఎక్కడం మొదలుపెట్టాం. మా ముందు ఒకామె మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ పోతోంది. వెనక నుంచి గోవిందలు. అడవి దగ్గరపడే చోట్ల ఎవరో "చిరుత తిరగతా ఉండాదంట" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నేను అత్త చీరకొంగు నోట్లో పెట్టుకుని నడిచాను. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. అత్త జడ నా కళ్లముందే ఒక్కో మెట్టుకూ ఇటూ అటూ ఊగుతుంటే, దాన్నే చూస్తూ ఎక్కాను. నిట్టనిలువుగా ఉండే మోకాళ్ల మెట్లను చేతులతో పాకుతూ ఎక్కినప్పుడు కూడా దాని మీద నుంచి కళ్లు తీయలేదు.

పైకి చేరేసరికి ఎండ ముదిరింది. తలనీలాలు ఇచ్చే కల్యాణకట్ట దగ్గర జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. అత్త ఒక స్తంభం దగ్గర నన్ను కూర్చోబెట్టి, చెప్పుల సంచీ, దారిలో తినగా ఖాళీ అయిన పులుసన్నం గిన్నే నా ఒళ్లో పెట్టి, బట్టల మూట తను తీసుకుంది.

"ఈడనే ఉండు. కదలొద్దు. ఇట్ట పోయి అట్ట బిన్నే వస్తా."

కదలకుండానే ఉండేదాన్ని. కానీ కాసేపటికి గచ్చు కడిగేవాళ్లు పెద్ద గొట్టంతో నీళ్లు కొట్టుకుంటూ వచ్చి అందర్నీ లేపేశారు. తడి గచ్చు మీద జనంతో పాటు నేనూ జరిగాను. మళ్లీ వెనక్కి తిరిగి చూస్తే అన్నీ అలాంటి స్తంభాలే. ఏది నాదో తెలియలేదు. సరే, ద్వారం దగ్గర నిలబడితే అత్త కనపడుతుంది కదా అనుకున్నాను. ఆకుపచ్చ చీర, మోకాళ్ల దాకా జుట్టు. అంత గుర్తున్న మనిషిని పోల్చలేకపోవడం ఏమిటి? నిలబడ్డాను. లోపలి నుంచి వచ్చేవాళ్లందరివీ గుండ్లు. ఆడ, మగ, ముసలి, పసి, అన్నింటి మీదా గంధం. అందరి చెవులూ ముందుకు పొడుచుకొచ్చి, అందరి కళ్లూ పెద్దవైపోయి, ఒక్కరే మనిషిని ఎవరో మళ్లీ మళ్లీ ఆ ద్వారంలోంచి బయటికి పంపుతున్నట్టుంది. దూరంగా ఒక ఆకుపచ్చ చీర కనిపిస్తే పరుగెత్తుకుంటూ పోయి కొంగు పట్టుకున్నాను. ఆమె వెనక్కి తిరిగింది. కన్నడంలో ఏదో అడిగింది. ఆ మొహం అత్తది కాదు. కొంగు వదిలి వెనక్కి నడిచాను. అప్పటికి ద్వారం కూడా తప్పిపోయింది.

ఏడుపు రాలేదు. భయం ఒక హద్దు దాటితే ఏడుపు రాదని అప్పుడే తెలిసింది. అత్త దొరకకపోతే నాకు ఇంటికి దారి తెలియదు, ఇంటికి పోకపోతే అమ్మకు తెలుస్తుంది, తెలిస్తే అమ్మ మంచం మీద నుంచి లేస్తుంది, లేస్తే ఆ చీర మళ్లీ తడుస్తుంది. ఈ వరసే తలలో తిరుగుతోంది. ఖాకీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన నన్ను చూసి ఆగి, చెయ్యి పట్టుకోకుండా, "నా ఎనకనే రా పాపా" అని మైకుల గదికి తీసుకుపోయాడు. అక్కడ బల్ల వెనక కళ్లద్దాలాయన పేరడిగితే చెప్పాను. ఊరడిగితే పల్లె పేరు చెప్పాను. తిరుపతిలో మా సందు పేరు నాకు రాదు. ఆయన తెలుగులో, అరవంలో నా పేరు, సుగుణత్త పేరు మైకులో చదువుతుంటే, కొండంతా వినపడేలా నేను తప్పిపోయానని చాటుతుంటే, నాకు సిగ్గుతో కూడిన కొత్త భయం పట్టుకుంది. ఎత్తుకుపోయేవాళ్లకు ఇప్పుడు నా పేరు తెలిసిపోయింది.

కాసేపటికి ఒకామె రొప్పుకుంటూ లోపలికి వచ్చింది. నున్నటి గుండు, దాని మీద గంధం, పసుప్పచ్చ చీర. "హేమా" అంది. నేను బల్ల వెనక్కి నక్కాను.

"ఈమేనా పాపా మీ అత్త?" అన్నాడు కళ్లద్దాలాయన.

"కాదు సార్."

ఆమె నిలబడిపోయింది. "నేనేమే పాపా. సుగుణత్తను."

"మా అత్తకు జుట్టుండాది. మా అత్తది ఆకుపచ్చ చీర" అన్నాను. గొంతు అత్తదే. కానీ ఎత్తుకుపోయేవాళ్లు గొంతు కూడా మార్చుకుని వస్తారేమో, ఎవరు చూశారు? పేరు పెట్టి పిలుస్తారని అమ్మ ముందే చెప్పింది కదా. గదిలో ఉన్నవాళ్లందరూ ఆమె వైపు తిరిగారు. ఖాకీ చొక్కాయన తలుపుకు అడ్డంగా జరిగాడు. "ఎవురమ్మా నువ్వు? యా ఊరు?" అన్నాడు. ఇందాకటి మెత్తదనం ఆ గొంతులో లేదు. అత్త మొహంలో అలాంటి భయం అంతకుముందు నేను చూడలేదు. చీకటి కోట గదిలోకి ఒంటరిగా పోయిన మనిషి ఒకడుగు వెనక్కి వేసింది.

"గుండు చేయించుకున్యాను సామీ. తానం చేసి చీర మార్చుకున్యాను. బిడ్డ పోల్చలేకుండాది" అని వాళ్లతో చెప్పి, నా దగ్గరికి రాకుండా, ఉన్నచోటనే నేల మీద కూర్చుంది. కూర్చుని కుడిచెయ్యి నా వైపు చాచింది. "మొగం సూడొద్దులే పాపా. కండ్లు మూసుకోని ఈ చెయ్యి పట్టుకో."

ఆ మాటకు నేను బల్ల వెనక నుంచి మెల్లగా వచ్చాను. కళ్లు మూసుకున్నాను. గరుకు అరచెయ్యి, దాని అంచున కొక్కెంలా వంగిన చిటికెన వేలు. అన్ని ఆదివారాలూ నా పిడికిలిలో ఉన్న వేలు. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆ తర్వాత ఉచిత భోజనాల సత్రంలో పక్కపక్కన కూర్చున్నాం. వేడన్నం, సాంబారు, చక్కెర పొంగలి. అత్త ఆకలిగా తింటుంటే, ఆ గుండు వైపు చూడలేక నా ఆకులోకే చూస్తూ కూర్చున్నాను.

"బయపడినావా?" అంది.

తల ఊపాను.

"నేనూ బయపడినాను. ఆ మంగలామె మూడు కత్తెర్లేనా అని అడిగింది. అవునని చెప్పేదానికి నోరు రాలేదు. మూడే ఇచ్చి దాచుకుంటే, రేపు మీయమ్మకేమన్నా అయితే ఆ జుట్టు నేను దువ్వుకోగలనా?"

కొండ దిగి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. అమ్మ మంచం మీదే ఉంది. నేను గుమ్మంలోనే నిలబడి అది మాత్రమే చూశాను. అమ్మ అత్తను చూసింది. "దగ్గరికి రా వదినా" అని, అత్త తలను రెండు చేతుల మధ్యకు తీసుకుని తన పొట్ట మీద ఆనించుకుంది. "సల్లగా ఉండాది" అంది. అత్త కదలకుండా అలాగే ఉండి, కాసేపటికి "తంతా ఉండాది సరోజా" అంది. మంచం కోడు పట్టుకుని నేనూ వినడానికి ప్రయత్నించాను. బయట జనం అలికిడి తప్ప ఏమీ వినపడలేదు.

కార్తీకంలో, రోడ్లు నీళ్లతో నిండిన ఒక మధ్యాహ్నం, చెల్లెలు పుట్టింది. నెలలు నిండకముందే పుట్టింది, గాజుపెట్టెలో పెట్టారు. ఆసుపత్రి వరండాలో అత్తా నేనూ గోడకానుకుని కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాళ్లం. అమ్మ బతికింది. చెల్లెలు కూడా బతికింది. కానీ చెల్లెలికి మూడో ఏడు దాటేదాకా మా ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనడానికి సాహసించలేదు. అత్త జుట్టు మళ్లీ పెరిగింది గానీ భుజాలు దాటలేదు. ఎందుకో సగం నెరిసే వచ్చింది. ఆమె దాని గురించి ఒక్కసారీ మాట్లాడలేదు. చివరిదాకా మాతోనే ఉండి, పోయిన ఎండాకాలానికి ముందు ఎండాకాలంలో నిద్రలో పోయింది.

ఈ మధ్య ఒక సెలవురోజు ఆ సందుకు పోయాను. మా గది ఉన్న ఇల్లు లేదు. ఆ చోట అద్దాల లాడ్జీ ఉంది. స్టేషన్ రూపం మారిపోయింది, సందు చివర నుంచి కనపడే కొండను మేడలు మింగేశాయి, చివరి స్టాపు అనుకున్న చోటి నుంచి ఇప్పుడు ఊరు మొదలవుతోంది. నడిచిపోయే పిల్లల చేతులు ఎవరూ పట్టుకోవడం లేదు, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. తప్పిపోవడమనేదే ఇప్పటి పిల్లలకు సరిగ్గా తెలియదేమో. లాడ్జీ ముందు కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ లేచి, రూము కావాలా అని అడిగాడు. నడివయసు మనిషి. వద్దు, ఊరికే చూస్తున్నానన్నాను. తనది మదనపల్లె వైపనీ, వచ్చి నెల కూడా కాలేదనీ, ఆదివారం భార్యా బిడ్డా వస్తున్నారనీ చెప్పాడు.

"ఊరు సూపించాల మేడం. ఎక్కువ కర్సు లేకుండా ఏముండాయి ఈడ?"

చెప్పాను. సాయంత్రం గోవిందరాజస్వామి గుడి, గాజుల వీధి, వాన పడినాక కపిలతీర్థం, చంద్రగిరి కోట, ఓపికుంటే మెట్లదారి, పైన భోజనం. అతను ఒక్కొక్కటీ పెదాలతో తిరిగి చెప్పుకున్నాడు. ఆగి, కొంచెం గొంతు తగ్గించి అడిగాడు.

"నా కూతురు ఎప్పుడూ పల్లె దాటలేదు మేడం. ఈ జనాన్ని సూస్తే బయపడదు కదా?"

"పడతాదన్నా" అన్నాను. "అయినా సూపించు."